తన బొమ్మ తాను: ఏడో తరగతిలో అద్దం, జాజు, అట్టముక్క

ఏడో తరగతి పిల్లలకు తెల్లకాగితం ఇచ్చి, అద్దం లేకుండా, పక్కవాళ్లవి చూడకుండా ఎవరి ముఖం వాళ్లని గీయమనండి. నలభై మంది ఉంటే నలభై బొమ్మలూ ఒక్క కడుపున పుట్టినట్టే ఉంటాయి. కోడిగుడ్డు లాంటి ముఖం, నుదురు లేకుండా నెత్తికెక్కిన కళ్లు, రెండు చుక్కల ముక్కు, అరటిపండు లాంటి నవ్వు. జడ ఉంటే అమ్మాయి, లేకపోతే అబ్బాయి.

రంగులు వేయమంటే ఇంకో సంగతి బయటపడుతుంది. క్రేయాన్ల డబ్బాలో లేత గులాబి రంగు ముక్క ఒకటుంటుంది. పిల్లలంతా దాన్ని "స్కిన్ కలర్" అంటారు. "టీచర్, స్కిన్ కలర్ వాడి దగ్గరుంది, ఇవ్వట్లేదు" అని ఆ పీరియడ్‌లో నాకు అందే ఫిర్యాదులన్నీ దాని గురించే. ఎండలో కబడ్డీ ఆడి వచ్చి నల్లగా నిగనిగలాడే చేత్తో ఆ గులాబి ముక్క పట్టుకుని పిల్లవాడు తన చెంపకు రంగు వేసుకుంటుంటే, ఎన్నేళ్లు చూసినా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా డ్రాయింగ్ చెప్పేవాళ్లకు ఇంతకంటే కష్టమైన పాఠం లేదు. ఇంతకంటే ఇష్టంగా నేను ఎదురుచూసే పాఠమూ లేదు. కష్టమెక్కడుందంటే, సెల్ఫ్ పోర్ట్రెయిట్ అనే మాటలో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. నేను చూడ్డానికి ఎలా ఉంటాను? నేనెవరిని? మొదటిదానికి జవాబు అద్దంలో ఉంటుంది. రెండోదానికి జవాబు ఇంట్లో, వీధిలో, అమ్మానాన్నల పనిలో, తనకు నచ్చిన ఆటలో, ఎవరికీ చెప్పని దిగులులో ఉంటుంది. చేతికి పెన్సిలొక్కటే ఇస్తే మొదటి ప్రశ్న దగ్గరే పిల్ల ఓడిపోయి, "నాకు బొమ్మలు రావు టీచర్" అని కాగితం మడిచేస్తుంది. రెండో ప్రశ్న దాకా రానే రాదు. రకరకాల సామగ్రి కలిపి బొమ్మ చేసే మిక్స్‌డ్ మీడియా పద్ధతి ఈ పెనవేత విప్పడానికి బాగా పనికొస్తుంది. కానీ టీచరు ముందే ఆ రెండు ప్రశ్నల్నీ విడివిడిగా పెట్టుకోవాలి. అలా చేయకపోతే అది చమ్కీలు, గుండీలు అంటించే పని అయిపోతుంది. ప్రదర్శన రోజు ముచ్చటగానే ఉంటుంది గానీ, ఆ బొమ్మలో పిల్ల మాత్రం ఉండదు.

ఆ వయసు సంగతి

మూడో తరగతి పిల్లలకు ఈ బాధ లేదు. అమ్మను ఇంటికంటే ఎత్తుగా గీసి, అదే నిజమని నమ్ముతారు. పదకొండు, పన్నెండేళ్లు వచ్చేసరికి కన్ను చేతికంటే ముందుకు పోతుంది. తాను గీసింది తనలా లేదని పిల్లకు తెలిసిపోతుంది, దాన్ని తనలా మార్చే నేర్పు మాత్రం ఇంకా చేతికి రాదు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కళావిద్య ఆచార్యుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో పిల్లల బొమ్మల ఎదుగుదలను దశలుగా విడదీసి చూపించాడు. ఆయన లెక్కలో తొమ్మిదేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఒక దశ, పన్నెండు నుంచి పద్నాలుగు దాకా మరొకటి. మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు సరిగ్గా ఈ రెండింటి మధ్య వంతెన మీద ఉన్నాయి. చాలామంది పెద్దలు "నాకు డ్రాయింగ్ రాదు" అనే మాట మొదటిసారి అనుకున్నది ఈ వంతెన మీదే.

లోవెన్‌ఫెల్డ్ చెప్పిన ఇంకో మాట నాకు అంతకంటే ఎక్కువ పనికొచ్చింది. ఆయన చూపు లేని పిల్లలతో, మందచూపు పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేశాడు. కొందరు కంటితో లోకాన్ని పట్టుకుంటారు, కొందరు స్పర్శతో, ఒంటితో పట్టుకుంటారు అన్నాడు. చూపు బాగానే ఉన్న పిల్లల్లోనూ ఈ రెండో రకం వాళ్లుంటారని ఆయన గమనించాడు. మన తరగతిలో వాళ్లెవరో చెప్పడం కష్టమేమీ కాదు. గీత గీయమంటే తంటాలు పడే పిల్లవాడు మట్టి ఇస్తే పది నిమిషాల్లో ఎద్దును చేసేస్తాడు. పెన్సిల్ పాఠంలో ఆ పిల్లవాడికి చోటే లేదు. గుడ్డ, తాడు, ఆకు, అట్ట బల్ల మీదికి వచ్చిన రోజు వాడు బెంచీ మీద ముందుకు జరుగుతాడు.

కలిపి చేయడం మనకు కొత్త కాదు

బొమ్మలో బయటి వస్తువును అతికించే పని 1912లో పారిస్‌లో మొదలైందని కళాచరిత్ర చెబుతుంది. చిత్రకారుడు పికాసో ఆ ఏడాది కుర్చీ అల్లిక అచ్చువేసిన నూనెగుడ్డను కాన్వాసుకు అంటించి చుట్టూ తాడు కట్టాడు. ఆయన తోటి చిత్రకారుడు బ్రాక్ చెక్కలా కనబడే గోడకాగితాన్ని కత్తిరించి అతికించాడు. ఆధునిక చిత్రకళ వరకు అది నిజమే. కానీ చేర్యాల నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డ మీద గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి, ఆరాక దాని మీద కథ గీస్తారు. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తే తయారవుతుంది. ఈ సంగతి పిల్లలకు చెప్పాక నా తరగతిలో ఒక మార్పు చూశాను. కొనుక్కొచ్చిన క్రాఫ్ట్ సామాను ఇస్తేనే "మిక్స్‌డ్ మీడియా" అవుతుందన్న భయం పోయింది.

ఆత్మచిత్రం విషయంలో నేను తప్పకుండా చూపించే బొమ్మలు రెండు. ఒకటి మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో 1938లో వేసిన 'ద ఫ్రేమ్'. అల్యూమినియం రేకు మీద తన ముఖం వేసుకుంది. దాని మీద గాజు పలక పెట్టింది. ఆ గాజుకు వెనకవైపు పక్షులు, పువ్వులు వేసి ఉన్నాయి. మెక్సికో అంగళ్లలో అమ్మే జానపద పటాల తీరు అది. మన జాతరల్లో దేవుడి పటానికి చుట్టూ పూలు వేసి అమ్ముతారే, అలాంటిదే. పారిస్‌లో ప్రదర్శించినప్పుడు ఫ్రాన్స్ ప్రభుత్వం దాన్ని కొన్నది. ఇప్పుడు పారిస్‌లోని పాంపిడూ సెంటర్ మ్యూజియం సేకరణలో ఉంది. పిల్లలకు అందులో నచ్చేది ఏమిటంటే, బజారు వస్తువు పక్కన ఆమె ముఖం చిన్నబోలేదు. ఆ పూలు ఆమె ఊరి పేరు చెబుతున్నాయి.

రెండోది అంతకు నాలుగున్నర శతాబ్దాల ముందుది. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో కంసాలి కొడుకు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1484లో, పదమూడేళ్ల వయసులో, అద్దంలో చూసుకుంటూ వెండి మొనతో తన బొమ్మ గీసుకున్నాడు. పెద్దయ్యాక ఆ కాగితం మీదే, 1484లో నేనింకా పిల్లవాడిగా ఉన్నప్పుడు అద్దంలో చూసి గీసుకున్నది ఇది అని రాసుకున్నాడు. ఆ బొమ్మ ఇప్పుడు వియన్నాలోని అల్బర్టినా మ్యూజియంలో ఉంది. వెండి మొనతో గీసిన గీతను చెరపలేం. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు రబ్బరు పట్టుకున్న చేతులన్నీ ఒక్కసారి ఆగుతాయి. పదమూడేళ్లంటే ఎనిమిదో తరగతి.

మొదట అద్దం

సామగ్రి బయటికి తీయకముందు కనీసం రెండు పీరియడ్లు అద్దానికి ఇవ్వాలని నా అభిప్రాయం. ఇక్కడే చాలామంది తొందరపడతారు. పిల్లల ఫోటోలు జిరాక్స్ తీసి, సగం ముఖం అతికించి, మిగతా సగం గీయమంటారు. సరిసమానం నేర్పడానికి అది పనికొస్తుంది. కానీ ఆ పద్ధతిలో పిల్ల తనను తాను చూడదు, కాగితాన్ని చూస్తుంది. ఫోన్లో తీసిన సెల్ఫీ ఇంకా చిక్కు. చేయి చాచినంత దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు ఉన్నదానికంటే పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి.

అద్దాలు కొనడానికి డబ్బు లేదనేది వెంటనే వచ్చే మాట. నిజానికి పెద్ద అద్దం అక్కర్లేదు. ముఖం పొడవులో సగం ఉన్న అద్దం చాలు, మొత్తం ముఖం కనబడుతుంది. ఎంత దగ్గర నుంచి చూసినా, ఎంత దూరం నుంచి చూసినా అంతే. నమ్మకం లేకపోతే అద్దం ముందు నిలబడి, ఒక కన్ను మూసుకుని, అద్దం మీద మీ ముఖం చుట్టూ సబ్బు ముక్కతో గీత గీయండి. పక్కకు జరిగి చూస్తే ఆ గీత అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. మీ ముఖంలో సరిగ్గా సగం. అద్దంలో మన ప్రతిబింబం మనకెంత దూరంలో ఉన్నట్టు కనబడుతుందో, అద్దం ఆ దారికి సగంలో ఉంటుంది కాబట్టి ఇలా అవుతుంది. ఈ ఒక్క ప్రయోగంతో తరగతి మొత్తం నాది అవుతుంది. రోజూ చూసుకునే అద్దంలో తమ ముఖం ఎంత ఉందో ఇన్నాళ్లూ తెలియలేదని వాళ్లకు అర్థమవుతుంది. ఇక చూడమంటే చూస్తారు.

అప్పుడు కొలతలు. కళ్లు ఎక్కడున్నాయో అడిగితే అందరూ పైనున్నాయంటారు. బొటనవేలితో పెన్సిల్ మీద పట్టి కొలవమంటే, నెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న తలలో అవి నట్టనడుమ తేలుతాయి. కొన్ని ముఖాలు కొద్దిగా అటూఇటూ ఉంటాయి, అదే వాళ్ల ముఖం. మన శిల్పులది పాతకాలపు లెక్క. విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రకళ గురించి చెప్పే చిత్రసూత్రం ముఖాన్ని పన్నెండు అంగుళాలుగా పెట్టి, నుదుటికి నాలుగు, ముక్కుకు నాలుగు, ముక్కు కింద నుంచి గడ్డం దాకా నాలుగు ఇచ్చింది. ఈ అంగుళం మన స్కేలు మీదిది కాదు, బొమ్మను బట్టి మారే కొలత. నుదుటి పైన జుట్టు ఎత్తు కూడా కలుపుకుంటే కళ్లు మళ్లీ దాదాపు నడిమికే వస్తాయి. రెండు దారులూ ఒకచోటే కలవడం చూసి లెక్కల మాస్టారు కూడా ఒకసారి మా గదిలో ఆగిపోయారు.

కొలతల తర్వాత ఒక పది నిమిషాలు కాగితం వైపు చూడకుండా, అద్దం మీంచి కన్ను తీయకుండా, పెన్సిల్ ఎత్తకుండా గీయిస్తాను. బొమ్మ వికారంగా వస్తుంది, పిల్లలు పగలబడి నవ్వుతారు. కానీ ఆ గీతల్లో ఒక కనురెప్పో, పై పెదవి వంపో అచ్చం వాళ్లదే పడుతుంది. ఆ ముక్క దాచమంటాను. తర్వాత చేసే పెద్ద బొమ్మలో దాన్ని కత్తిరించి అతికించొచ్చు. పోలిక మొత్తం ముఖంలో రానక్కర్లేదు. ఒక్క కన్నులో వచ్చినా చాలు, మిగతా పని సామగ్రి చేస్తుంది. పిల్లలకు ఇది చెప్పినప్పుడు భుజాలు దిగడం కనబడుతుంది.

స్కిన్ కలర్ అనే అబద్ధం

అమెరికా క్రేయాన్ల కంపెనీ క్రేయోలా 'ఫ్లెష్' (ఒంటి రంగు) అని పిలిచే రంగుకు 1962లో 'పీచ్' అని పేరు మార్చింది. 2020లో రకరకాల చర్మఛాయలతో 24 క్రేయాన్ల డబ్బా తెచ్చింది. మన పల్లె బడికి ఆ డబ్బా రాదు, రానక్కర్లేదు కూడా. మన ఇళ్ల గడప దగ్గరే ఆ రంగులన్నీ ఉన్నాయి. గోడలకు పూసే జాజు, కోస్తాలో ఎర్రమన్ను అనేది. ముగ్గుపిండి. పొయ్యిలో బొగ్గు. చెరువు మట్టి. పసుపు. వీటిని మెత్తగా నూరి, పలుచని గుడ్డలో జల్లించి, ఫెవికాల్ కలిపిన నీళ్లతో తడిపితే రంగు సిద్ధం.

పని ఇలా సాగుతుంది. ముంజేతి లోపలివైపు చర్మం పక్కన కాగితం పెట్టి, జాజు, బొగ్గు, ముగ్గు కలుపుతూ ఒక్కో మచ్చ వేసుకుంటూ పోవాలి. ఏ మచ్చ చేతి మీద కలిసిపోయి కనబడకుండా పోతుందో అదే నీ రంగు. ఆ మచ్చ కింద పాళ్లు రాయాలి: జాజు మూడు చెంచాలు, బొగ్గు ఒకటి, పసుపు చిటికెడు. తడిమీద రంగు ముదురుగా ఉంటుంది, ఆరాక తేలుతుంది, కాబట్టి ఆరేదాకా ఆగి చూసుకోవాలి. ఒక పీరియడ్ పూర్తిగా దీనికే పోతుంది. పోనివ్వండి. ఆ గంటలో తరగతిలో నలుపు తెలుపుల మాట మొదటిసారి వెక్కిరింతగా కాకుండా వంటకం పాళ్లలా వినబడుతుంది. "నీకు పసుపెక్కువ పడింది, నాకు బొగ్గెక్కువ" అని మాట్లాడుకుంటారు. నల్లపిల్ల అని రోజూ మాట పడే అమ్మాయి తన గిన్నెలో బొగ్గు ఇంకాస్త వేసి, చేతి పక్కన పెట్టి చూసుకుని, "సరిగ్గా ఇదే" అంది. ఆ గిన్నె ఎవరికీ ఇవ్వలేదు.

పసుపు గురించి ఒక హెచ్చరిక, ఒక వరం. ఎండకు పసుపు వెలిసిపోతుంది. బట్ట మీది పసుపు మరకను అమ్మలు ఎండలో వేసి పోగొట్టేది అందుకే. కాబట్టి బొమ్మను కిటికీ పక్కన తగిలించొద్దు. వరం ఏమిటంటే, పసుపుకు కొద్దిగా సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పెళ్లిలో పెట్టే పారాణి అదే. పెదవులకు, బుగ్గలకు పిల్లలే పారాణి కలుపుకుంటారు. సున్నం మాత్రం టీచరు చేతుల్లోనే ఉండాలి, కంట్లో పడితే ప్రమాదం.

వస్తువుకు కారణం

ఇప్పుడు రెండో ప్రశ్న. ఇక్కడ నేను పెట్టే నియమం ఒక్కటే. ఇంటి నుంచి ఏదైనా తేవచ్చు, కొనుక్కు రాకూడదు. తెచ్చిన వస్తువు బొమ్మలో ఎక్కడ పెట్టినా దానికి ఒక కారణం ఉండాలి. "అందంగా ఉంటుందని" అనేది కారణం కాదు అని చెబుతాను. మొదట్లో ఇది కఠినంగా అనిపిస్తుంది. కానీ ఈ గీత గీయకపోతే మూడో రోజుకల్లా నలభై బొమ్మల మీదా చమ్కీలు వాలతాయి.

వచ్చేవి చూడండి. దర్జీ కొట్టు నుంచి జాకెట్ కత్తిరింపు ముక్కలు. శుభలేఖలు. విత్తనాల సంచి మీది బొమ్మ. పాత ఎక్కాల పుస్తకం. కొబ్బరి పీచు. వల ముక్క. గల్ఫ్ నుంచి వచ్చిన చాక్లెట్ డబ్బా రేకు. ఒక అబ్బాయి బస్సు టికెట్లు కట్టగా తెచ్చాడు. వాళ్ల నాన్న ఆర్టీసీ కండక్టరు. టికెట్లను పొడుగ్గా చీల్చి జుట్టుగా అంటించాలని ఆలోచన. మంచి ఆలోచనే, కానీ ఆ టికెట్లు వేడితో అచ్చయ్యే కాగితం. కొన్ని నెలల్లో అక్షరాలు మాయమైపోతాయి, వేడి తగిలితే నల్లబడతాయి. జిరాక్స్ తీయించుకు రమ్మన్నాను. జిరాక్స్ అచ్చులో ఉండేది కరిగి అతుక్కున్న పొడి, నీళ్లకు చెదరదు. ఇంకు చిమ్మే ప్రింటరులో తీస్తే మాత్రం జిగురు తడికే అక్షరాలు పారిపోతాయి.

వస్తువు ఎంచుకోవడం ఒక ఎత్తు, దాన్ని ఎక్కడ పెట్టడం అనేది ఇంకో ఎత్తు. క్రికెట్ అంటే ఇష్టం కాబట్టి మూలన బ్యాటు బొమ్మ అంటించడం సులువు. అది లేబుల్ మాత్రమే. అదే పిల్లవాణ్ని "బ్యాటు పట్టుకున్నప్పుడు నీ ముఖంలో ఏది మారుతుంది?" అని అడిగితే, కనుబొమలు ముడిపడతాయంటాడు. సరే, బ్యాటు పిడికి చుట్టే రబ్బరు పట్టీతోనే కనుబొమలు చెయ్ అంటే, అప్పుడు వస్తువు ముఖంలోకి వస్తుంది. చుట్టూ అంటించడం, లోపలికి తేవడం, ఈ రెండింటికీ ఉన్న తేడానే ఈ పాఠంలో అసలు నేర్పాల్సింది. నా అనుభవంలో పిల్లలు దీన్ని మాటల్లో చెబితే పట్టుకోరు. వస్తువును అతికించకుండా ముఖం మీద నాలుగు చోట్లకు జరిపి చూపిస్తే వెంటనే పట్టుకుంటారు. అందుకే జిగురు సీసా మూత రెండు పీరియడ్లు తీయనివ్వను.

జిగురు, తడి, వరుస

నేను ఈ పాఠం మొదటిసారి చెప్పినప్పుడు మామూలు డ్రాయింగ్ షీటు మీద వార్తాపత్రికలు, ఫెవికాల్ ఇచ్చాను. మర్నాటికి బొమ్మలన్నీ వేయించిన అప్పడాల్లా వంకరలు పోయాయి. పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. తప్పు నాది. కాగితం తడికి సాగుతుంది, ఆరుతూ ముడుచుకుంటుంది. ఒకవైపే జిగురుంటే ఆ వైపుకే లాగుతుంది. అట్ట మీద చేయించడం ఒక దారి. లేదా వెనకవైపు కూడా అదే కొలత కాగితం అదే జిగురుతో అంటిస్తే, రెండు వైపులా లాగుడు సమానమై బొమ్మ చదునుగా నిలుస్తుంది. నోటు పుస్తకాల అట్టలు, శుభలేఖలు, చీరల డబ్బాలు, ఇవన్నీ మంచి ఆధారాలు. ఫెవికాల్‌ను సగానికి సగం నీళ్లు కలిపి బ్రష్షుతో పూస్తే పలుచని కాగితాలకు సరిపోతుంది. గుడ్డకు, తాడుకు, గింజలకు నీళ్లు కలపకుండా వాడాలి.

వరుస కూడా ముఖ్యమే. మైనపు క్రేయాన్ ముందు, నీటిరంగు తర్వాత. మైనం నీటిని తోసేస్తుంది కాబట్టి గీతలు రంగులోంచి మెరుస్తాయి. తిరగేస్తే ఆ మెరుపు రాదు. ఆరిన ఫెవికాల్ పొర ప్లాస్టిక్ లాంటిది, దాని మీద పోస్టర్ రంగు బొట్లు బొట్లుగా జారుతుంది. కాబట్టి రంగు వేయాల్సిన చోట జిగురు పాకకుండా చూసుకోవాలి. బొగ్గు చిట్టచివర. వార్తాపత్రిక కొన్నేళ్లలో పసుపెక్కి పెళుసవుతుంది. కాలమే రంగు మార్చడం కావాలనుకుంటే సరే, లేకపోతే తెల్లకాగితం మీద జిరాక్స్ మేలు. మైదా పిండి ఉడికించిన జిగురు చవకే గానీ, పురుగులు, ఎలుకలు వస్తాయి. అవి రాకుండా మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికుంది. అది విషం, పిల్లల గదిలోకి రానే రాకూడదు.

కప్పుకునే హక్కు

పన్నెండేళ్ల పిల్లల్ని "నువ్వెవరు?" అని అడగడం చిన్న విషయం కాదు. ఒక ఏడాది ఒక పిల్లవాడు తన బొమ్మలో నాన్న ఫోటో ముక్క పెట్టాడు. అందరి ముందూ "నాన్న ఏం చేస్తారు?" అని అడిగాను. వాడు తల దించుకుని ఏమీ అనలేదు. నాన్న చనిపోయి రెండు నెలలైందని తర్వాత స్టాఫ్ రూమ్‌లో తెలిసింది. ఆ రోజు నుంచి నా తరగతిలో ఎవరి బొమ్మ గురించీ వాళ్లు చెప్పదలచుకుంటే తప్ప నేను అడగను.

ఇలా ముక్కలు అతికించి చేసే బొమ్మకు, అంటే కొల్లాజ్‌కు ఉన్న గుణం ఇక్కడ ఆదుకుంటుంది. అది పొరల పని. కింద పెట్టినదాన్ని పైన కప్పేయవచ్చు. చెప్పాలనిపించినా చూపించాలనిపించనిది ఏదైనా ఉంటే మొదటి పొరలో అంటించి, దాని మీద జాజు పూయమని, లేదా ఇంకో కాగితం కప్పమని చెబుతాను. అది అక్కడ ఉన్నట్టు పిల్లకు తెలుసు, అంతే చాలు. కొన్ని బొమ్మల్లో చెంప ఉబ్బుగా ఉంటుంది, కింద ఏదో ఉందని తెలుస్తుంది. దాన్ని ఎవరం తడమం.

మార్కుల మాట తప్పదు కాబట్టి రెండు ముక్కలు. అందానికి మార్కులు వేయను. మొదటి రోజు అద్దం లేకుండా గీసిన బొమ్మనూ చివరి బొమ్మనూ పక్కపక్కన పెట్టి, చూపు ఎంత మారిందో చూస్తాను. అట్ట వెనక తాను రాసుకున్న మూడు వాక్యాలు చదువుతాను: ఏ వస్తువు, ఎందుకు, ఎక్కడ. ఇంటి నుంచి ఖరీదైనది తెచ్చినవాళ్లకు ఈ పద్ధతిలో అదనపు లాభం ఏమీ ఉండదు.

మొత్తం ఎనిమిది పీరియడ్ల దాకా పడుతుంది. డ్రాయింగ్ పీరియడ్ పరీక్షలు దగ్గరపడితే లెక్కలకో సైన్సుకో పోతుంది కాబట్టి, సంక్రాంతికి ముందే మొదలుపెట్టుకోవాలి.

మొన్న ఏడాది ఒకమ్మాయి జుట్టును తునికాకులతో చేసింది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. ఆకును రేకు ముక్క పెట్టి కత్తిరించాక చాట పక్కన పడే కత్తిరింపుల్ని ఏరి తెచ్చింది. ఒక్కో ముక్కనూ పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి పాపిడి తీసింది. నేను చూసిన జుట్లన్నిటిలోకీ అది మేలైనది. కానీ అంటించిన మర్నాటికి ఆకులు చిట్లి, కొన్ని రాలిపోయాయి. ఎందుకో నాకూ తెలియలేదు. జిగురు చాలలేదేమో అనుకున్నాను.

బొమ్మలు తాడు మీద క్లిప్పులతో తగిలించిన రోజు వాళ్లమ్మ వచ్చింది. చాలాసేపు కూతురి ముఖం వైపు చూసింది. తర్వాత వంగి, చూపుడువేలితో జుట్టు చివర ఆకును తట్టింది.

"ఎండాకు పెట్టినవు బిడ్డా, గందుకే ఇరిగింది. రాత్రి నానేసి, తెల్లారి మెత్తగైనంక పెట్టాలె. నన్నడిగితే మంచాకు ఇయ్యకపోదునా?"

సోమవారం ఆ పిల్ల తడిగుడ్డలో చుట్టిన ఆకుల కట్టతో వచ్చింది. రెండో పీరియడ్ నాది కాదు, హిందీ టీచరును అడిగి తీసుకున్నాను. ఆకులు తోలులా వంగుతున్నాయి. అమ్మ చెప్పినట్టు ఈనె లోపలికి ఉండేలా తిప్పి పెట్టి, మీద అట్టేసి, బరువుకు రెండు డిక్షనరీలు పెట్టింది.